టెండర్‌లో తప్పు జరిగింది సరే.. అడగడానికి మీరెవరు?

ఇవాళ్టి టాపిక్ ప్రభుత్వ కాంట్రాక్టులు, టెండర్లు. వినగానే "మనకెందుకులే ఈ గోల" అనిపించొచ్చు. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. మీ కాలేజీ ముందు వేసిన రోడ్డు టెండరే. వెల్ఫేర్ హాస్టల్‌కి వచ్చే గుడ్డు టెండరే. గవర్నమెంట్ స్కూల్లో మీ తమ్ముడికిచ్చిన బ్యాగు, బూట్లు కూడా టెండరే. ఆ పని తగనివాడి చేతికి వెళ్తే, ఆర్నెల్లకే లేచిపోయే రోడ్డు మీద బండి నడపాల్సింది మనమే.

మరి "ఈ కాంట్రాక్ట్ ఇచ్చిన పద్ధతి తప్పు" అని అడ్డం తిరిగే హక్కు ఎవరికుంది? ఓడిపోయిన కాంట్రాక్టర్‌కా? అసలు టెండరే వేయని మనిషికా? పన్ను కడుతున్న మీకూ నాకూ కూడానా?

దీన్నే లాయర్లు లోకస్ స్టాండై అంటారు. పేరు చూసి భయపడకండి. "ఇది అడగడానికి నువ్వెవరు? ఇందులో నీకు పోయిందేంటి?" అన్న ప్రశ్నకి అదొక లాటిన్ పేరు, అంతే.

ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పబోయే విషయం ఒక్కటే. తప్పు జరిగిందని చూపించడం సగం పని మాత్రమే. ఎవరు అడుగుతున్నారు, ఎప్పుడు అడుగుతున్నారు అన్నది మిగతా సగం. ఇది ఊరికే అనట్లేదు. సుప్రీంకోర్టు "అవును, తప్పే జరిగింది" అని చెప్పి కూడా కేసు వేసినవాణ్ని ఉత్త చేతులతో పంపేసిన సందర్భం ఉంది. అక్కడి నుంచే మొదలుపెడదాం.

వాదన గెలిచింది, మనిషి ఓడాడు

1977 జనవరి. బొంబాయి ఎయిర్‌పోర్టులో ఒక సెకండ్ క్లాస్ రెస్టారెంటు, రెండు స్నాక్ బార్లు నడపడానికి ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్ అథారిటీ టెండర్లు పిలిచింది. షరతు ఏంటంటే, టెండర్ వేసేవాళ్లు కనీసం 5 ఏళ్ల అనుభవమున్న రిజిస్టర్డ్ సెకండ్ క్లాస్ హోటల్ నిర్వాహకులై ఉండాలి.

ఆరు టెండర్లు వచ్చాయి. అందులో ఒక్కటే అన్ని కాయితాలతో పూర్తిగా ఉంది, లైసెన్స్ ఫీజు కూడా ఎక్కువ రాశారు. మిగతావి అసంపూర్తి. దాంతో ఆ ఒక్కరికే ఇచ్చేశారు. చిక్కేంటంటే, వాళ్లకున్నది క్యాంటీన్లు నడిపిన అనుభవం. సెకండ్ క్లాస్ హోటల్ నడిపిన అనుభవం లేదు. అంటే అథారిటీ తను పెట్టిన షరతును తనే పక్కన పెట్టింది.

అప్పుడు రమణ దయారామ్ శెట్టి అనే వ్యక్తి కోర్టుకెళ్లారు. ఆయన అసలు టెండరే వేయలేదు! మరి ఆయనకేం సంబంధం? ఆయన వాదన వినండి, చాలా తెలివైనది. "నాకూ ఆ అర్హత లేదు కాబట్టి నేను వేయలేదు. షరతు సడలిస్తారని ముందే చెప్పుంటే నేనూ వేసేవాణ్ని కదా? రూల్ నమ్మి ఇంట్లో కూర్చున్నందుకు నేను నష్టపోయాను."

1979 మే 4న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. రాసింది జస్టిస్ పి.ఎన్. భగవతి. ఆ వాదనను కోర్టు ఒప్పుకుంది. ప్రభుత్వం కాంట్రాక్టులిచ్చేటప్పుడు, ఒక ప్రైవేటు మనిషి తన ఇల్లు తనకి నచ్చినవాడికి అద్దెకిచ్చినట్టు ఇవ్వడానికి వీల్లేదని, తను పెట్టిన ప్రమాణానికి తనే కట్టుబడాలని, లేకపోతే రాజ్యాంగంలోని 14వ అధికరణం ప్రకారం అది చెల్లదని చెప్పింది. ఇవాళ్టికీ టెండర్ కేసుల్లో లాయర్లు ముందుగా తీసే తీర్పుల్లో ఇదొకటి.

మరి శెట్టి గెలిచారా? లేదు. కోర్టు రెండు కారణాలు చెప్పింది. ఒకటి, ఈయనకి ఈ కేసులో నిజమైన ఆసక్తి ఉన్నట్టు లేదు, కాంట్రాక్ట్ దక్కినవాళ్లని దెబ్బతీయడానికి వెనకాల వేరే వ్యక్తి ఉండి ఈయన్ని ముందుకు తోసినట్టుంది. రెండు, ఆలస్యం. టెండర్ ఖరారైన ఐదు నెలలకి పైగా గడిచాక కేసు వేశారు. ఈలోపు కాంట్రాక్ట్ దక్కినవాళ్లు ఏర్పాట్ల కోసం దాదాపు 1,25,000 రూపాయలు ఖర్చుపెట్టేశారు. 1977లో అది పెద్ద మొత్తం.

ఈ ఒక్క కేసులో మనకి కావలసినదంతా ఉంది. బయటివాడు కూడా తలుపు తట్టొచ్చు. కానీ తట్టే చెయ్యి నిజంగా అతనిదే అయ్యుండాలి, టైముకి తట్టాలి.

లోపలి నుంచి బయటికి, నాలుగు గీతలు

ఇప్పుడు టెండర్ చుట్టూ ఉన్న మనుషుల్ని ఒక్కొక్కరినీ చూద్దాం. మధ్యలో టెండర్, దాని చుట్టూ గుండ్రంగా నాలుగు గీతలు గీసుకోండి. మధ్యకి దగ్గరగా ఉన్నవాళ్లకి హక్కు గట్టిగా ఉంటుంది. బయటికి వెళ్లేకొద్దీ పలచబడుతుంది.

మొదటి గీత: టెండర్ వేసి ఓడిపోయినవాళ్లు. వీళ్ల హక్కు మీద పెద్దగా అనుమానం లేదు. అయితే ఇక్కడా మెట్లున్నాయి. మన దేశం మొత్తానికి వర్తించే ఒకే ఒక్క టెండర్ చట్టం లేదు. 2012లో పార్లమెంటులో ఒక బిల్లు పెట్టారు కానీ అది చట్టం కాలేదు. కేంద్ర శాఖలు ఆర్థిక శాఖ నిబంధనలు, మాన్యువల్స్ ప్రకారం నడుస్తాయి. తమిళనాడు, కర్ణాటక, రాజస్థాన్ లాంటి రాష్ట్రాలకి సొంత చట్టాలున్నాయి.

రాజస్థాన్ 2012 చట్టం ఈ మెట్లని చాలా స్పష్టంగా రాసింది. మామూలుగా టెండర్ వేసినవాళ్లు, వేయాలనుకుంటున్నవాళ్లు ఇద్దరూ అప్పీల్ చేయొచ్చు. కానీ విజేతని ప్రకటించాక, పాల్గొన్నవాళ్లే అప్పీల్ చేయాలి. ఇక ధరల బిడ్డు గురించి అడగాలంటే, టెక్నికల్ బిడ్డులో పాసైనవాళ్లే అడగాలి. కేంద్ర ఆర్థిక శాఖ మాన్యువల్ కూడా నేరుగా నష్టపోయిన బిడ్డర్ మాత్రమే ఫిర్యాదు చేయాలంటుంది. రెండు చోట్లా సాధారణంగా ఇచ్చే గడువు 10 రోజులు. అంటే టెక్నికల్ రౌండ్‌లోనే బయటికి పోయినవాడు ముందు "నన్ను తీసేయడం తప్పు" అని తేల్చుకోవాలి. అది వదిలేసి "ఎల్1 రేటు తప్పు" అంటే ఎవరూ వినరు.

ఇక్కడ మన హైదరాబాద్ కంపెనీ కేసు ఒకటి చెప్పాలి. మహారాష్ట్రలోని ఖాపర్‌ఖేడా థర్మల్ కేంద్రంలో పెద్ద పైపులు, స్టీలు ట్యాంకుల పని. అక్కడి విద్యుత్ బోర్డు షరతు సడలించి రౌనక్ ఇంటర్నేషనల్‌కి ఇచ్చింది. హైదరాబాద్‌కి చెందిన ఐవీఆర్ కన్‌స్ట్రక్షన్ కోర్టుకెళ్లింది, హైకోర్టులో స్టే కూడా దొరికింది. సుప్రీంకోర్టు ఆ స్టేని కొట్టేసింది. ఎందుకంటే ఐవీఆర్‌కి కూడా ఆ అర్హత లేదు! ఇద్దరికీ అర్హత లేనప్పుడు ఒకరు ఇంకొకర్ని వేలెత్తి ఎలా చూపిస్తారు? గురివింద గింజ సామెత గుర్తుకొస్తోంది కదా.

ఈ కేసును బొంబాయి ఎయిర్‌పోర్టు కేసుతో కలిపి చూడండి. శెట్టికీ అర్హత లేదు, అయినా ఆయన వాదన నిలబడింది. తేడా ఎక్కడ? "సడలింపు ఉందని తెలిస్తే నేనూ వేసేవాణ్ని" అన్నారు శెట్టి. ఐవీఆర్ మాత్రం అర్హత లేకుండానే టెండర్ వేసింది. సడలింపు దొరికితే తనే తీసుకునేది. అలాంటప్పుడు సడలింపు తప్పని అనే నోరు దానికి లేదు.

రెండో గీత: వేయాలనుకున్నా షరతుల వల్ల వేయలేకపోయినవాళ్లు. కొత్తగా వ్యాపారం మొదలుపెట్టిన కుర్రాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. 2025లో ఛత్తీస్‌గఢ్ కేసు చూడండి. గవర్నమెంట్ స్కూళ్లకి స్పోర్ట్స్ కిట్ల టెండర్. షరతు ఏంటంటే, గత మూడేళ్లలో ఆ రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకే 6 కోట్ల రూపాయల క్రీడా సామగ్రి సరఫరా చేసి ఉండాలి. వేరే రాష్ట్రాల్లో ఎంత సరఫరా చేసినా లెక్కలోకి రాదు. బయటి రాష్ట్రాల్లో అనుభవమున్న ఒక కంపెనీ ఈ షరతునే సవాలు చేసింది. సుప్రీంకోర్టు ఆ షరతు చెల్లదంది. అందరికీ సమానంగా ఆడే మైదానం ఉండాలి, గేటు దగ్గరే బయటివాళ్లని ఆపేయకూడదని చెప్పింది.

ఇక్కడ టైమింగ్ చాలా ముఖ్యం. షరతు మీద అభ్యంతరం ఉంటే టెండర్ తెరవకముందే చెప్పాలి. నోరు మూసుకుని టెండర్ వేసి, ఓడిపోయాక "అసలు ఆ షరతే తప్పు" అంటే కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. ఆట ఆడాక రూల్స్ గురించి గొడవ పెట్టుకున్నట్టు ఉంటుంది.

మూడో గీత: సబ్ కాంట్రాక్టర్లు, సరుకు సప్లయ్ చేసేవాళ్లు. "మా మెయిన్ కాంట్రాక్టర్‌కి వచ్చుంటే నాకు సిమెంటు ఆర్డర్ వచ్చేది" అంటే నష్టం నిజమే, కానీ అది ఒక మనిషి మీదుగా తిరిగి వచ్చిన నష్టం. నేరుగా తగిలింది కాదు. ఈ ప్రశ్న మీద అమెరికాలో ఈమధ్యే పెద్ద యుద్ధం జరిగింది. అక్కడి చట్టం ప్రకారం కాంట్రాక్ట్ ఇచ్చిన తీరును సవాలు చేయాలంటే మీరు బిడ్ వేసినవారో, వేయబోయేవారో అయ్యుండాలి, నేరుగా ఆర్థిక నష్టం ఉండాలి. పర్సిపియెంట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ మెయిన్ కాంట్రాక్ట్‌కి బిడ్ వేయలేదు. ఆ కాంట్రాక్ట్ కింద తన సాఫ్ట్‌వేర్‌ని పరిశీలించకపోవడం చట్టవిరుద్ధమని కేసు వేసింది. 2024లో అప్పీల్ కోర్టు ముగ్గురు జడ్జీల బెంచి "సరే, అడగొచ్చు" అంది. 2025లో అదే కోర్టు పూర్తి బెంచి ఆ తీర్పుని తిరగేసి "బిడ్డర్ కాకపోతే కుదరదు" అంది. అక్కడ ప్రభుత్వ ఐటీ ప్రాజెక్టుల్లో సబ్ కాంట్రాక్టర్లుగా పనిచేస్తున్న మనవాళ్లు ఎవరైనా వింటుంటే, ఇది మీకు పనికొచ్చే విషయం.

నాలుగో గీత: మనం. అంటే టెండర్‌తో వ్యాపార సంబంధం ఏదీ లేని పౌరులు.

పౌరుడికి తలుపు ఉందా?

ఉంది. దాని పేరు ప్రజాప్రయోజన వ్యాజ్యం, మనం పిల్ అంటాం. అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ 2జీ. సెంటర్ ఫర్ పబ్లిక్ ఇంటరెస్ట్ లిటిగేషన్ అనే సంస్థ, సుబ్రమణ్యస్వామి కోర్టుకెళ్లారు. వాళ్లెవరూ టెలికాం కంపెనీలు కాదు. ఒక్క లైసెన్సుకి కూడా దరఖాస్తు పెట్టినవాళ్లు కాదు. అయినా 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు ఏకంగా 122 లైసెన్సుల్ని రద్దు చేసింది. స్పెక్ట్రమ్ ప్రజల ఆస్తి, దాన్ని పంచిన పద్ధతి తప్పు అంది. తర్వాత 2017లో ప్రత్యేక కోర్టు క్రిమినల్ కేసులో నిందితుల్ని నిర్దోషులుగా వదిలేసింది. ఈ రెండిటినీ కలపకండి. ఇచ్చిన పద్ధతి చెల్లదనడం వేరు, ఎవరో నేరం చేశారని రుజువు కావడం వేరు.

అయితే పిల్ అనగానే కోర్టు ముందు మీ మొహం చూస్తుంది. మీరెవరు, ఏం చేస్తుంటారు, మీ వెనకాల ఎవరున్నారు? 2010లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, పిల్ వేసినవాళ్ల నేపథ్యం, పిటిషన్‌లో రాసిన విషయాల్లో నిజం ముందుగా చూసుకోండని హైకోర్టులకి చెప్పింది. ఎందుకంత అనుమానం? ఓడిపోయిన కాంట్రాక్టర్ తన పేరు మీద వేస్తే తేలిపోతాడని, తెలిసిన కుర్రాడి చేత "సామాజిక కార్యకర్త" అని సంతకం పెట్టించడం జరుగుతుంది కాబట్టి. ఎవరైనా అన్నయ్య వచ్చి "తమ్ముడూ, ఇక్కడ ఒక్క సంతకం పెట్టు, మిగతాది మేం చూసుకుంటాం" అంటే పెట్టకండి. కోర్టు ఖర్చులు వేస్తే అవి పడేది సంతకం ఉన్న పేరు మీదే.

తలుపు ఇంత ఇరుకుగా ఎందుకు?

దీనికి న్యాయమైన కారణం ఉంది. ప్రతి ఓడినవాడూ స్టే తెచ్చుకుంటే పని ఆగుతుంది. ఆగిన పని ధర పెరుగుతుంది. ఆ పెరిగిన ధర కట్టేది మళ్లీ మనమే. ఐవీఆర్ కేసులోనే కోర్టు, స్టే అడిగినవాడు చివరికి ఓడితే ఆలస్యం వల్ల వచ్చిన నష్టానికి అతన్ని బాధ్యుణ్ని చేయాలని చెప్పింది. 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టాన్ని సవరించి, రోడ్లు, కరెంటు లాంటి ఇన్‌ఫ్రా ప్రాజెక్టుల్ని ఆలస్యం చేసే ఇంజంక్షన్లు ఇవ్వకూడదన్నారు. 2022లో జార్ఖండ్ రోడ్డు కేసులో సుప్రీంకోర్టు, అన్యాయం జరిగితే నష్టపరిహారం వైపు చూడండి, పని ఆపకండి అని హైకోర్టులకి సూచించింది.

ఇదంతా సబబే. కానీ నాకు ఒక ప్రశ్న మిగిలిపోతోంది.

ఈ మొత్తం ఏర్పాటు ఒక్క నమ్మకం మీద నిలబడింది. తప్పు జరిగితే ఓడినవాడికి కోపమొస్తుంది, వాడే వచ్చి అడుగుతాడు అన్న నమ్మకం. మరి ఓడినవాడికి కోపమే రాకపోతే? కాంట్రాక్టర్లంతా రింగైపోతే? ఈ పని నీకు, వచ్చే పని నాకు అని ముందే పంచుకుని, మిగతావాళ్లు కావాలనే ఎక్కువ రేటు రాస్తే? అప్పుడు కాయితం మీద ముగ్గురు బిడ్డర్లు, ఒక ఎల్1, అంతా సవ్యం. అడిగే హక్కు గట్టిగా ఉన్న ముగ్గురికీ అడిగే అవసరం లేదు. అడిగే అవసరం ఉన్న ఊరివాళ్లకి హక్కు పలచన. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇక్కడుంది. దొంగ పిల్‌లకి భయపడి తలుపు పూర్తిగా మూసేస్తే, రింగు కట్టినవాళ్లకి అంతకన్నా మంచి రోజు ఉండదు.

అర్హత అడగని దారులు

అదృష్టవశాత్తూ "నువ్వెవరు?" అని అడగని దారులు కొన్ని ఉన్నాయి.

ఒకటి, ఆర్టీఐ. సమాచారం ఎందుకు కావాలో చెప్పాల్సిన పని లేదని చట్టంలోనే రాసుంది. మన తెలుగు రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో దరఖాస్తుకి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. అగ్రిమెంటు, ఎంబుక్, బిల్లుల కాపీలు అడగండి. పని చేసినంత కొలిచి రాసే పుస్తకమే ఎంబుక్.

రెండు, కాంపిటీషన్ కమిషన్. రింగు కట్టడం, అంటే బిడ్ రిగ్గింగ్, పోటీ చట్టం ప్రకారం నిషేధం. దాని గురించి ఎవరైనా సమాచారం ఇవ్వొచ్చు. సొంతంగా నష్టపోయి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు ఓలా, ఉబర్ కేసులో చెప్పింది. ఇందాకటి నా ప్రశ్నకి కొంతైనా జవాబు ఇదే.

మూడు, విజిలెన్స్, ఏసీబీ ఫిర్యాదులు. లంచం గురించి చెప్పడానికి మీరు బిడ్డర్ కానక్కర్లేదు.

ఇంకో దారి ఉండేది, ఇప్పుడు లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ జ్యుడీషియల్ ప్రివ్యూ చట్టం తెచ్చింది. 100 కోట్లు, ఆపైన విలువున్న ప్రాజెక్టుల టెండర్ డాక్యుమెంట్లు పిలవకముందే ఒక జడ్జి దగ్గరికెళ్లేవి. వాటిని ఆన్‌లైన్‌లో పెట్టి, వారం రోజులు ఎవరైనా అభ్యంతరం చెప్పే వీలిచ్చేవారు. 2024లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. అది బాగా పనిచేసిందా లేదా అన్నదాని మీద రాజకీయంగా ఎవరి మాట వాళ్లది, నేను అందులోకి వెళ్లను. నాకు నచ్చింది ఆ ఆలోచన ఒక్కటే. కాంట్రాక్ట్ ఇచ్చేశాక "నువ్వెవరు?" అని అడిగే బదులు, ఇవ్వకముందే "ఎవరైనా చెప్పండి" అనడం.

మీరేం చేయాలి?

మీరు బిడ్డర్ అయితే, క్యాలెండర్ దగ్గర పెట్టుకోండి. షరతు మీద అభ్యంతరం ప్రీ బిడ్ మీటింగ్‌లోనే రాతపూర్వకంగా ఇవ్వండి. రిజల్ట్ మీద అభ్యంతరం ఉంటే ఆ 10 రోజుల్లోపే పెట్టండి. ఆర్టీఐ జవాబు వచ్చాక చూద్దాంలే అనుకోకండి. దాని గడువు 30 రోజులు, మీ గడువు 10 రోజులు. లెక్క మీకే అర్థమవుతుంది. కేసు వేసేముందు మీ టెండర్‌ని మీరే శత్రువులా ఒకసారి చదవండి. మీ కాయితాల్లో అదే లోపం ఉంటే ఆగిపోండి.

మీరు బిడ్డర్ కాకపోతే, ముందు కాయితాలు, ఆ తర్వాతే కోర్టు. తెచ్చిన కాయితాల్ని ఊళ్లో నలుగురితో కలిసి చదవండి. పిల్ వేయాలనుకుంటే మీరెవరో, మీకేం లాభం లేదో మొదటి పేజీలోనే దాచకుండా చెప్పండి. మంచి లాయర్‌ని కలవకుండా మాత్రం వేయకండి. నేను ఈ అరగంటలో చెప్పింది దారి ఎటుందో తెలియడానికి, నడిపించడానికి కాదు.

చివరిగా ఒక్క మాట. "అడగడానికి నువ్వెవరు?" అని ఆఫీసులో ఎవరైనా గద్దిస్తే చిన్నబోకండి. అది తిట్టు కాదు, చట్టంలో ఉన్న నిజమైన ప్రశ్నే. దానికి జవాబు రెడీ చేసుకుని వెళ్లండి. ఒక్కో కౌంటర్ దగ్గర ఆ జవాబు ఒక్కోలా ఉంటుంది. ఆర్టీఐ కౌంటర్ దగ్గర మాత్రం "ఈ దేశ పౌరుణ్ని" అంటే సరిపోతుంది.

ఈ ఎపిసోడ్ కాంట్రాక్టులు చేసే మీ ఫ్రెండ్ ఎవరికైనా పనికొస్తుందనుకుంటే పంపండి.